కట్ట కోసం ఎవరి ప్రాణం? – ముసలమ్మ గాథ వెలుగులో ‘ఫైనల్ ఫాంటసీ టెన్’ బలాబలాలు

వ్యాససంగ్రహం

బుక్కరాయసముద్రం చెరువు కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ గాథ తెలుగు సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. 2001లో జపాన్‌లో వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ టెన్’ అనే పాత్రధారణ వీడియో క్రీడ కూడా లోకరక్షణ కోసం ఒక యువతి ప్రాణమివ్వవలసి వచ్చిన కథే. బలిని కోరేదెవరు, దాని భారం మోసేదెవరు అన్న ప్రశ్నను ఆధారం చేసుకొని ఆ క్రీడలోని గుణదోషాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బుక్కరాయసముద్రం, ముసలమ్మ, కట్టమంచి రామలింగారెడ్డి, వీడియో క్రీడ, బలి, తులనాత్మక విమర్శ

కట్ట, గాథ, కావ్యం

అనంతపురం పట్టణానికీ బుక్కరాయసముద్రం గ్రామానికీ నడుమ ఒక పెద్ద చెరువు ఉంది. 14వ శతాబ్దిలో, మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డుకట్ట వేసి దీన్ని నిర్మించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే పీఠభూమి ఇది. ఇక్కడ చెరువు నిండడం అరుదైన శుభం. నిండిన చెరువుకు గండి పడడం మాత్రం కరవును మించిన ఆపద. కరవు మెల్లగా చంపుతుంది. తెగిన కట్ట ఒక్క రాత్రిలో ఊరినీ పంటనూ రాబోయే ఏడాది నీటినీ కలిపి తీసుకుపోతుంది.

ముసలమ్మ కథ ఈ భయంలో నుంచే పుట్టింది. పేరుకు ముసలమ్మే గాని ఆమె పడుచు ఇల్లాలు, బసిరెడ్డి చిన్న కోడలు. కట్ట తెగబోతున్న వేళ ఆమెను బలిగా ఇస్తేనే ఊరు నిలుస్తుందని దైవవాక్కు వినబడింది. ఆమె అత్తమామల వద్ద, భర్త వద్ద సెలవు తీసుకొని గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. ఆమె పేరు ఈనాటికీ ఆ కట్టను అంటిపెట్టుకొని ఉంది. ‘ముసలమ్మ కట్ట’ అంటే ఆ ప్రాంతంలో దారి చెప్పనివారుండరు.

సి.పి. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన అనంతపుర చరిత్రలోని ఈ వృత్తాంతాన్ని తీసుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ‘ముసలమ్మ మరణము’ రచించారు. ఆధునిక ఖండకావ్యానికి దీనినే తొలి అడుగుగా సాహిత్య చరిత్రకారులు చాలామంది పరిగణిస్తారు. రాచకన్యనో పురాణస్త్రీనో కాక ఒక కాపు ఇంటి కోడలిని నాయికగా నిలపడం, మంగళాంత సంప్రదాయాన్ని విడిచి మరణాన్ని శీర్షికలోనే ప్రకటించడం అందుకు కారణాలు. అయితే నాయికను ఎంత ఎత్తుకు తీసుకుపోయినా, ఆమెను కోరిన వాక్కును నిలదీసే చోటు ఆ కథా నిర్మాణంలోనే లేదు. ఆమె ఎంత ఉదాత్తంగా కనిపిస్తే ఆ కోరిక అంత సహజంగా కనిపిస్తుంది. గురజాడ ‘కన్యక’ వరకు వస్తే, అగ్నిలో ప్రవేశించే ముందు కన్యక రాజునూ, చూస్తూ నిలబడిన పౌరులనూ మాటలతో నిలదీస్తుంది. ముసలమ్మకు అలాంటి మాట దక్కలేదు.

సరిహద్దు దాటి కన్నడ జానపదంలోని ‘కెరెగె హార’ గేయకథను చూస్తే ఈ మౌనం అర్థం మరింత తేటపడుతుంది. తవ్విన చెరువులో నీరు పడదు. ఇంటి కోడళ్లలో ఒకరిని ఇవ్వాలని జోస్యం చెబుతారు. చివరికి ఆ వంతు చిన్నకోడలు భాగీరథికి వస్తుంది. ఆమె భర్త దండులో ఉంటాడు. తిరిగివచ్చి అదే చెరువులో దూకుతాడు. రెండు కథల్లోనూ బలి ఇంటి కూతురు కాదు, బయటి నుంచి వచ్చిన కోడలు. అందులోనూ అందరికన్నా చిన్నది, మాట చెల్లనిది. దైవం ఎన్నుకున్నదని కథ చెబుతుంది గాని, ఆ ఎన్నిక కుటుంబంలోని అధికార క్రమాన్ని తు.చ. తప్పక అనుసరించింది.

పక్కనే మరొక సాక్ష్యం ఉంది. కడప మండలంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, అంటే బుక్కరాయల కాలానిదే. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, కూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్ను, రాతికట్టడం, నేర్పరులైన పనివారు ఆ అంగాల్లో ఉన్నారు. కట్టలో నుంచి నీరు ఊరడం దోషాల్లో మొదటిది. వేయి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ ఆ చెరువుకు పట్టాయని కూడా శాసనం చెబుతుంది. ఆ పన్నెండింటిలో నరబలి లేదు. కట్ట ఎలా నిలుస్తుందో ఆ కాలానికి బాగా తెలుసు. తెలిసిన సమాజంలోనే బలికథ కూడా పుట్టి, శాసనం కన్నా ఎక్కువమంది నోళ్లలో బతికింది.

స్పైరా లోకం

‘ఫైనల్ ఫాంటసీ టెన్’ను స్క్వేర్ సంస్థ 2001 జులైలో ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం విడుదల చేసింది. నిర్మాత యోషినోరి కితాసే, కథారచనలో ప్రధానుడు కజుషిగె నోజిమా, సంగీతంలో ప్రధానుడు నొబువో ఉయెమాత్సు. ఈ శ్రేణిలోని ప్రధాన క్రీడల్లో పాత్రలకు నటుల గొంతులు వినిపించినది ఇదే మొదటిసారి. దీనికీ ముసలమ్మ గాథకూ మధ్య రుణసంబంధం ఏదీ లేదు. ఉన్నది సమస్య ఒకటే కావడం.

స్పైరా అనే లోకాన్ని ‘సిన్’ అనే మహాకాయ జీవి వెంటాడుతూ ఉంటుంది. సముద్రం నుంచి లేచివచ్చి ఊళ్లను ఊళ్లుగా తుడిచివేస్తుంది. యంత్రాలను నమ్ముకొన్న పూర్వుల పాపానికి ఇది శిక్ష అనీ, పాపం పూర్తిగా కడిగినప్పుడే సిన్ పోతుందనీ యెవొన్ మతం బోధిస్తుంది. అంతవరకు మార్గం ఒక్కటే. ఒక ఆవాహకురాలు ఆలయం నుంచి ఆలయానికి యాత్ర చేసి, ‘ఏయాన్’ అనే దివ్యజీవులను పొంది, చివరకు జనార్కాండ్ శిథిలాల్లో అంతిమ ఏయాన్‌ను సంపాదించి సిన్‌ను ఓడించాలి. ఆ తరువాత కొన్నేళ్ల ప్రశాంతి. మళ్లీ సిన్ వస్తుంది. నాయిక యూనా అలాంటి ఆవాహకురాలు. పదేళ్ల కిందట సిన్‌ను ఓడించిన బ్రాస్కా కుమార్తె. కథ చెప్పేది మాత్రం ఆమె కాదు, వేరే లోకం నుంచి వచ్చిపడిన టీడస్ అనే యువకుడు. జపనీయంలో అతని పేరు ‘టీడా’. ఒకినావా భాషలో ఆ మాటకు సూర్యుడని అర్థం.

అంతిమ ఏయాన్‌ను పిలిచిన ఆవాహకురాలు బతకదు. ఈ సంగతి స్పైరాలో పసిపిల్లలకు కూడా తెలుసు. టీడస్‌కు తెలియదు. ఆడేవారికీ తెలియదు.

తెలియక నడిచిన దారి

క్రీడ మొత్తానికి ప్రధాన బలం ఈ అజ్ఞానాన్ని నడిపిన తీరులో ఉంది. ప్రతి ఆలయంలోనూ యూనాకు ఒక కొత్త ఏయాన్ దక్కుతుంది. ఆడేవారికి అది బహుమానం, చేతికి వచ్చిన కొత్త శక్తి. ‘స్ఫియర్ గ్రిడ్’ అనే చదరంగపు పలక వంటి పటం మీద ఒక్కొక్క గడినీ వెలిగిస్తూ పాత్రలను బలపరచుకోవడంలో గంటలు సంతోషంగా గడిచిపోతాయి. తీరా నిజం తెలిసినప్పుడు, ఆ ఎదుగుదల యావత్తూ ఒక యువతిని మరణానికి చేర్చే మెట్ల వరుస అని అర్థమవుతుంది. కావ్యం చదివేవారు ముసలమ్మ గండి వైపు నడుస్తుంటే చూస్తారు. ఇక్కడ ఆమెను నడిపించినది ఆడేవారి చేయి. ఊరిజనంలో ఒకరిగా నిలబడి బలిని కోరిన అనుభవాన్ని, కోరుతున్నామని తెలియకుండానే కలిగించడం ఈ మాధ్యమానికి మాత్రమే సాధ్యమైన పని.

నిజం బయటపడే ఘట్టాన్ని అమర్చిన తీరు ఇంకా గమనార్హం. అంతకు ముందే యూనా బృందం నుంచి తప్పిపోతుంది. బికనెల్ ఎడారిలో ఆమె లేకుండానే పోరాడవలసి వస్తుంది. గాయాలు మాన్పే ప్రధాన శక్తి ఆమెదే కనుక, ఆమె లేని లోటు ప్రతి పోరులోనూ చేతికి తగులుతుంది. దొరికిన మందుసీసాలతో నెట్టుకు రావాలి. ఆ స్థితిలో, ఆల్ బెడ్ జాతివారి స్థావరం తగలబడుతుండగా, రిక్కు ద్వారా టీడస్‌కు అసలు విషయం తెలుస్తుంది. ఆమె లేని లోకం ఎలా ఉంటుందో సంభాషణ చెప్పకముందే పోరాటం చెప్పేసింది.

ఈ క్రీడ మీద తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: దారులన్నీ సన్నని నడవల్లా నేరుగా సాగుతాయి, పటం మీద బాణం గుర్తు చూపిన వైపు పోవడమే తప్ప తిరిగే స్వేచ్ఛ లేదు. ఇది సరైన ఫిర్యాదు కాదు. యాత్రామార్గం నేరుగానే ఉంటుంది. వేయి సంవత్సరాలుగా ఆవాహకులందరూ నడిచిన బాట అది. పక్కకు తప్పుకోవచ్చునన్న ఊహే రానివ్వకపోవడం ఆ మతం చేసిన పని. దారి ఇరుకుదనమే ఇక్కడ అర్థం.

కిలికా రేవు ఘట్టాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సిన్ దాడిలో ఊరు కొట్టుకుపోతుంది. సాయంకాలం వేళ యూనా నీటి మీద నిలబడి మృతులను సాగనంపే నృత్యం చేస్తుంది. ఒడ్డున ఊరివారు ఏడుస్తుంటారు. సాగనంపని మృతులు బతికినవారి మీద అసూయతో రాక్షసజీవులవుతారని లూలూ వివరిస్తుంది. అంటే దారిపొడుగునా ఆడేవారు చంపుతూ వచ్చినవి చాలావరకు ఉత్తరక్రియలకు నోచుకోని మనుషులే. చాలా క్రీడల్లో శత్రువులు ఎక్కడి నుంచి వస్తారో ఎవరూ అడగరు. నీటి మీద నిలిచిన ఆ యువతి రూపంలో, తెలుగు పాఠకునికి చెరువు గండిలో నిలిచిన మరొక యువతి తప్పక గుర్తుకు వస్తుంది. తేడా ఒక్కటే. ఒకామె ఇతరుల మరణాలకు కర్మకాండ చేస్తుంది. రెండవ ఆమె తానే కర్మకాండగా మారింది.

సొరకాయ బుర్రల ప్రశ్న

కట్టల కోసం, వంతెనల కోసం, కోటల కోసం మనుషులను బలి ఇచ్చే ఆచారాన్ని జపాన్ జానపదం ‘హితోబషిరా’ అంటుంది. మానవ స్తంభమని ఆ మాటకు అర్థం. 720లో పూర్తయిన ‘నిహోన్ షోకీ’ చరిత్రలో, నింతోకు చక్రవర్తి పాలన కింద ఒక వృత్తాంతం ఉంది. మందా అనే చోట నది కట్ట రెండు తావుల్లో ఎంత కట్టినా తెగిపోతూ ఉంటుంది. ఇద్దరు వ్యక్తులను నదీదేవతకు అర్పించాలని చక్రవర్తికి కలలో ఆదేశం వస్తుంది. మొదటివాడు ఏడుస్తూ నీటిలో దిగి మరణిస్తాడు; కట్ట నిలుస్తుంది. రెండవవాడు కొరొమొనోకో రెండు సొరకాయ బుర్రలు తెచ్చి నదిలో వేస్తాడు. తనను కోరినది నిజమైన దేవతే అయితే ఈ బుర్రలను ముంచి చూపాలని, ముంచలేకపోతే తాను దిగనని సవాలు చేస్తాడు. సుడిగాలి లేచినా బుర్రలు మునగవు. అతడు బతుకుతాడు. కట్ట కూడా పూర్తవుతుంది.

ఒకే కథలో ముసలమ్మ, ఆమె అడగని ప్రశ్న పక్కపక్కనే ఉన్నట్లుంది. యూనా చివరకు కొరొమొనోకో వైపు నిలుస్తుంది. జనార్కాండ్‌లో యునలెస్కా అసలు రహస్యం చెబుతుంది. అంతిమ ఏయాన్‌గా మారవలసినది ఆవాహకురాలి సంరక్షకుల్లో ఒకరు. సిన్‌ను చంపిన ఆ ఏయానే తరువాతి సిన్ అవుతుంది. పదేళ్ల కిందట బ్రాస్కా కోసం అలా మారిన జెక్ట్, టీడస్ తండ్రి, ఇప్పటి సిన్. ప్రాయశ్చిత్తం పూర్తయ్యే రోజు ఏనాటికీ రాదు. ఉన్నది జనాన్ని బతికించే ఆశ మాత్రమే. యూనా ఆ ఆశ అబద్ధమని చెప్పి నిరాకరిస్తుంది. తండ్రి చేసిన పని మీద గౌరవం చెదరకుండానే ఆ పనిని మళ్లీ చేయనంటుంది. ఈ రెండింటినీ ఒకే గొంతులో నిలపడం సులభం కాదు. త్యాగాన్ని గౌరవించడానికీ త్యాగవ్యవస్థను ఒప్పుకోవడానికీ మధ్యనున్న ఎడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ముసలమ్మ మీద వచ్చిన ప్రశంసాత్మక వ్యాఖ్యానాల్లో సాధారణంగా కనిపించనిది ఈ ఎడమే.

మతాధికారుల చిత్రణ దీనికి తోడ్పడుతుంది. యంత్రాలను నిషేధించిన యెవొన్ కేంద్రం బెవెల్‌లోనే యంత్రాలు పనిచేస్తుంటాయి. మహాధిపతి మీకా చాలాకాలం కిందటే మరణించినవాడు. బలిని కోరే గొంతు ఏ ఆకాశం నుంచీ రాదు. దానికి చిరునామా ఉంది.

తిరస్కారం తరువాత

క్రీడ బలహీనతలు కూడా ఇక్కడి నుంచే మొదలవుతాయి. నిరాకరించిన తరువాత సిన్‌ను ఎదుర్కోవడానికి ఒక పథకం కావాలి. స్పైరా ప్రజలందరూ ఒకేసారి ప్రార్థనాగీతం పాడితే, ఆ పాట ఇష్టమైన జెక్ట్ సిన్ లోపలి నుంచి శాంతిస్తాడన్నది ఆ పథకం. ఆలోచన గొప్పది. వేయేళ్లుగా ఒక్కరి మీద వేసిన భారాన్ని అందరి గొంతుల మీదికి మార్చడం అది. పోరుమామిళ్ల శాసనంలోని వేయి మంది కూలీల్లాగా, మొదటిసారి ఊరంతా కట్ట మీదికి రావలసిన సందర్భం. కాని ఆడేవారి చేతికి ఇందులో దాదాపు పనేమీ లేదు. ఊరూరా తిరిగి ఒప్పించడం గాని, నిషిద్ధ జాతిగా చూసిన ఆల్ బెడ్ వారితో యెవొన్ భక్తులను కలిపి నిలపడం గాని ఆటగా రాలేదు. కొన్ని మాటల్లో, ఒక దృశ్యంలో ముగిసిపోతుంది. బలి వైపు నడిచిన ప్రతి అడుగునూ చేత చేయించిన క్రీడ, బలికి ప్రత్యామ్నాయాన్ని మాత్రం చూపించి ఊరుకుంది. దీని దోషాలన్నింటిలో ఇదే పెద్దది.

అదే సమయంలో గగననౌక దక్కుతుంది. అప్పటిదాకా ఇరుకుగా ఉన్న లోకం తెరుచుకోవాలి. తెరుచుకొన్నది మాత్రం ఊళ్ల పేర్ల పట్టిక. సిన్ ఆకాశంలో వేలాడుతుండగా, లూలూ ఆయుధాన్ని పూర్తిగా బలపరచే ముద్ర కోసం ఉరుముల మైదానంలో వరుసగా 200 పిడుగులను తప్పించుకొంటూ నిలబడవచ్చు. టీడస్ ఆయుధం కోసం చొకోబో పక్షి మీద పందెం పరుగెత్తుతూ పూటంతా గడపవచ్చు. కట్ట తెగుతున్నదని కబురు వచ్చాక బసిరెడ్డి ఇంటివారు కోడిపందాలకు వెళ్లినట్లుంటుంది. ఈ జాతి క్రీడల్లో ఇది మామూలే అనడం సమాధానం కాదు. మిగిలిన చోట్ల ఆటనూ కథనూ ఇంత దగ్గరగా అల్లిన రచనకు ఈ సడలింపు మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

ఆల్ బెడ్ భాష మరో చిన్న ఉదాహరణ. లోకమంతటా చెల్లాచెదరుగా ఉన్న 26 వాచకాలను సేకరిస్తే ఒక్కొక్క అక్షరం చొప్పున వారి మాటలు అర్థమవుతాయి. బహిష్కృతుల భాషను ఓపికగా నేర్చుకొంటేనే వారి మాట వినపడుతుందన్న భావం మంచిదే. అయితే ఆ భాష నిజానికి అక్షరాల తారుమారు మాత్రమే, తెలుగు పిల్లలు ఆడుకొనే ‘క-భాష’ వంటిది. అక్షరాలు విప్పితే లోపల మెజారిటీ భాషే ఉంటుంది. భిన్నజాతి ఆలోచనకు భిన్నమైన వాక్యం కూడా ఉండవచ్చునన్న ఊహ ఇక్కడ లేదు. ఆంగ్ల అనువాదంలో జపనీయ సంభాషణల నిడివికి సరిపెట్టడం కోసం మాటలను సాగదీయడం, కుదించడం వల్ల కొన్ని ఘట్టాలు నలిగాయి. ల్యూకాలో టీడస్, యూనా బలవంతంగా నవ్వే ఘట్టాన్ని చాలామంది ఆ లెక్కలో వేస్తారు గాని, అక్కడి కృత్రిమత్వం కథకు కావలసినదే.

చివరి పోరు మీద వచ్చే విమర్శను కూడా తిప్పి చూడాలి. యూనా తాను సంపాదించిన ఏయాన్‌లను ఒక్కొక్కటిగా పిలుస్తుంది. యు యెవొన్ ఆవహించిన వాటిని ఆడేవారే చంపాలి. ఆ ఘట్టంలో బృందం పడిపోయినా తిరిగి లేస్తుంది, ఓటమి దాదాపు అసాధ్యం. పోరాటంలో సవాలు లేదని ఆటప్రియులు నిరాశపడతారు. అది పోరాటం కాదు, ఉత్తరక్రియ. ఆలయాల్లో ఆశగా అందుకొన్న కానుకలను తిరిగి ఇచ్చివేయడం. నేర్పుకు పరీక్ష పెట్టి ఉంటే దాని బరువు తగ్గేది.

ముగింపులో టీడస్ కరిగిపోతాడు. అతడు శిలారూపంలో వేయేళ్లుగా ఉన్న ‘ఫేత్’ల కల. సిన్ పోతే వారి కల ఆగుతుంది, అతడూ పోతాడు. ఈ సంగతి అతనికి ముందే తెలుసు. ఒకప్పుడు అందరూ తన వద్ద దాచినట్లే అతడు యూనా వద్ద దాచాడు. నిర్మాణ దృష్టితో ఇది అందమైన సమతూకం. అయితే బలి రద్దయిందన్న మాట దీనితో సందిగ్ధమవుతుంది. ఊరి కోడలికి బదులు, ఊరివాడే కాని పరాయివాడు గండిలోకి నడిచాడు. స్పైరా ప్రజలకు వాడెవడో సరిగా తెలియదు. తెలియని వాని మరణం మీద ఈసారి ప్రశాంతి శాశ్వతంగా నిలిచింది. బయటివారినే ఎన్నుకొనే పాత అలవాటును క్రీడ ప్రశ్నించింది గాని పూర్తిగా విడిచిపెట్టలేదు.

ల్యూకా క్రీడామైదానంలో జనం ముందు నిలిచి, పోయినవారిని మరవవద్దని యూనా కోరుతుంది. కథ అక్కడ ఆగి ఉంటే ఆ లోటే దాని నిజాయితీ అయి ఉండేది. 2003లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ టెన్-టూ’లో కొన్ని షరతులు నెరవేరిస్తే టీడస్ తిరిగి వచ్చే ముగింపు దొరుకుతుంది. వెల చెల్లించిన తరువాత వెలను వెనక్కి ఇచ్చే ఈ ఏర్పాటు అభిమానులకు ఊరట కావచ్చు; మొదటి క్రీడలో అతని మరణం మోసిన అర్థాన్ని మాత్రం అది పలుచన చేసింది. బుక్కరాయసముద్రం గాథలో కట్ట నిలిచింది, ముసలమ్మ తిరిగి రాలేదు. కట్టమంచి తన కావ్యానికి ‘మరణము’ అన్న మాటను శీర్షికలోనే పెట్టి, ఆ విషయంలో పాఠకునికి ఏ షరతు కిందా మినహాయింపు ఇవ్వలేదు.